బిడ్డతో పాటు ఇంటిని కూడా అడిగే చోటు

మా చిత్తూరు వైపు పల్లెల్లో ‘వాళ్ళు రాయవేలూరికి పోయినారు’ అంటే ఇక వివరం అడగనక్కరలేదు. ఆ ఇంట్లో ఎవరికో జబ్బు ముదిరిందనీ, దగ్గరి డాక్టర్లతో కాలేదనీ, పొలమో నగో తాకట్టు పెట్టి సి.ఎం.సి. ఆసుపత్రికి ప్రయాణం కట్టారనీ అర్థం. పటంలో వేలూరు అని ఉన్నా మా పెద్దలకు అది రాయవేలూరే. చిత్తూరు నుండి నలభై కిలోమీటర్ల లోపే. నడుమ రాష్ట్రపు సరిహద్దు ఉన్నది గాని, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక మునుపు మన చిత్తూరే ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణం. అందుచేత ఆ దారిలో తెలుగు ఎక్కడ ఆగి అరవం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం.

2023 వేసవిలో, బెల్లం గానుగల పని ముగిసిన పిమ్మట, మా సంఘంలోని ఒక కుటుంబంతో నేనూ ఆ బస్సెక్కాను. భర్త గానుగ దగ్గర బెల్లం వండే పనివాడు. భార్య పదో తరగతి చదివిన అమ్మాయి. వారికి రెండున్నరేళ్ళ ఆడబిడ్డ. కరోనా రోజుల్లో పుట్టింది. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదట. మెడ ఆలస్యంగా నిలిచింది. ఇప్పటికీ ఆనుకోకుండా కూర్చోలేదు, మాట లేదు. పిలిస్తే మాత్రం చక్కగా నవ్వుతుంది. అంతకు ముందు ఏడాదిన్నర కాలంలో వారు తిరగని చోటు లేదు. ఎవరో నూనె మర్దన చెప్పారు, ఎవరో తాయెత్తు కట్టారు, ఒకరు ఎముకల డాక్టరు దగ్గరకు పంపారు, ఒకరు ‘మూడేళ్ళు నిండితే తానే సర్దుకుంటుంది’ అని ఓదార్చి పంపారు. ఈ చివరి మాట అన్నిటికంటె ఎక్కువ నష్టం చేస్తుంది. మెదడు వేగంగా ఎదిగే మొదటి మూడేళ్ళలో ఇచ్చే శిక్షణకు ఫలితం ఎక్కువ; డాక్టర్లు దానిని ఎర్లీ ఇంటర్వెన్షన్ అంటారు. సర్దుకుంటుందని ఎదురు చూస్తూ కూర్చుంటే ఆ మూడేళ్ళు గడిచిపోతాయి.

బిడ్డ నాయనమ్మ కూడా మాతో వచ్చింది. నోరున్న మనిషి. ‘మా వంశంలో ఇట్లాంటిది లేదయ్యగారూ’ అని దారిపొడుగునా నాతో అంటూనే వచ్చింది. వంశం అంటే తమ వంశమని, తప్పంతా కోడలి పుట్టింటిదని ఆ మాటకు అర్థం. కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. ఆ అమ్మాయి పెళ్ళిళ్ళకు పోవడం మానేసి ఏడాదయింది. గుడికి రావడం కూడా తగ్గించింది. వచ్చినా చివరి వరుసలో, వాకిలి పక్కన, ఆఖరి పాట కాకముందే లేచిపోయేటట్టు కూర్చునేది.

వేలూరు ఊరిలో చూడదగినవి లేకపోలేదు. అగడ్త చుట్టిన రాతికోట ఉన్నది. విజయనగర రాజుల కాలపు కట్టడం. ఆ ఒక్క ప్రాకారంలోనే జలకంఠేశ్వరుని ఆలయం, ఒక మసీదు, 1846లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఉన్నాయి. 1806లో సిపాయిలు తిరగబడిన కోట అదే. కాని ఆసుపత్రికి వచ్చినవారు కోటను బస్సులోనుండే చూస్తారు. సి.ఎం.సి. ఎదుటి వీధుల్లో లాడ్జీల బోర్డులు చదువుతూ పోతే దేశమంతా కనిపిస్తుంది: అరవం, తెలుగు, బెంగాలీ, హిందీ. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒకే ఒక మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇది. ఆమె ఏ మిషను బిడ్డో ఆ ఆర్కాడు మిషనే మన మదనపల్లె, పలమనేరు ప్రాంతాల్లోనూ పని చేసింది. కనుక మన ఇళ్ళల్లో ఆమె పేరు తెలియని ముసలివారు తక్కువ.

మేము పోవలసింది అక్కడికి కాదు. కాట్పాడి రైలు స్టేషను నుండి ఊరి మధ్యగా వచ్చే ఒకటో నంబరు, రెండో నంబరు టౌను బస్సులు ఆఖరున ఆగే చోటికి. దాని పేరు బాగాయం. వైద్య కళాశాల ఆ పక్కనే. చెట్లు, కొండలు, ఊరిలోకంటె కొంచెం చల్లగాలి. సి.ఎం.సి. వారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957 నుండి అక్కడ ఉన్నది. మొదటి నుండీ వారిది ఒక పద్ధతి: రోగిని ఒక్కడినే చేర్చుకోరు, ఇంటివారు కూడా వచ్చి ఉండవలసిందే. ఆ రోజుల్లో మానసిక వైద్యశాల అంటే గొలుసులు, తాళాలు, ఎత్తు గోడలు. అదే కాలంలో అమృతసరులో విద్యాసాగర్ అనే డాక్టరు ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగుల ఇంటివారిని అందులో ఉంచుకున్నాడు. జబ్బుమనిషిని ఇంటినుండి విడదీసి బాగు చేయలేమని మన దేశంలో ముందుగా గ్రహించినవారు వీరు. పాశ్చాత్యులను చూచి నేర్చుకున్నది కాదు. మన ఇళ్ళను చూచి నేర్చుకున్నది.

బుద్ధి ఎదుగుదల తక్కువైన బిడ్డల కోసం అదే ఆవరణలో నంబిక్కై నిలయం అని ఒకటి ఉన్నది. అరవంలో నంబిక్కై అంటే మన నమ్మికే. అక్కడ బిడ్డను విడిచిపెట్టి రావడానికి వీలు లేదు. తల్లో తండ్రో, వీలైతే ఇద్దరూ, కొన్ని వారాలపాటు బిడ్డతో ఉండి నేర్చుకోవాలి. అన్నం ఎట్లా తినిపించాలి, ఏ బొమ్మతో ఏమి నేర్పాలి, మొండి చేస్తే కోపం రాకుండా ఎట్లా తిప్పుకోవాలి. శిక్షణ ఇచ్చేది చివరికి ఇంటివారే గనుక ముందు శిక్షణ వారికి. మా బెల్లం పనివాడు ఈ సంగతి విని దిగాలుపడ్డాడు. వారాల తరబడి కూలి పోతే ఎట్లా? నాయనమ్మ ఉండి, ఈయన వారం వారం వచ్చిపోయే ఏర్పాటు చేసుకున్నారు. అత్తా కోడళ్ళను కొన్ని వారాలు ఒక గదిలో ఉంచడం మంచిదా కాదా అని నాకు లోలోపల భయంగానే ఉండింది.

మూడో వారం నేను మరల పోయినప్పుడు చెట్టుకింద కూర్చుని ఆ అమ్మాయి చెప్పిన మాట ఇది: ‘బిడ్డను గురించి అన్నీ అడిగి రాసుకున్నాక, నన్ను గురించి అడిగినారయ్యగారూ. రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, బిడ్డను కాసేపు ఎత్తుకునేదానికి ఇంకెవరున్నారు, పుట్టింటికి కడగా ఎప్పుడు పోయినావు అని. ఇన్ని ఆసుపత్రులు తిరిగినాము, ఈ మాటలు ఎవురూ అడగలేదు.’

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ మాటే. మనం బిడ్డను మాత్రమే కొలుస్తాము. మెడ నిలిచిందా, కూర్చున్నదా, ఎన్ని మాటలు వచ్చాయి? అవి కొలవవలసినవే. అయితే బిడ్డ రోజులో ఒక గంట శిక్షకురాలి చేతిలో ఉంటే మిగతా కాలమంతా ఇంటివారి చేతుల్లో ఉంటుంది. ఆ ఇల్లు ధైర్యంగా ఉన్నదా, తెలివిడిగా ఉన్నదా, విరిగిపోతున్నదా అనేది కూడా శిక్షణ ఫలించిందో లేదో చెప్పే గుర్తు. దానిని ఊహించి చెప్పడం కాదు, అడిగి వ్రాసుకోవచ్చు. శిక్షణకు ముందు అడగాలి, తరువాత అడగాలి, తేడా చూడాలి.

బాగాయం డాక్టర్లు పాల్ రస్సెల్, ఆయన సహచరులు ఆ పనిని క్రమంగా చేసి, 1999లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ అనే పత్రికలో ప్రకటించారు. అటువంటి బిడ్డలున్న 57 మంది తలిదండ్రులను చీట్లు వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపు పదివారాలు కూడుకొని తమలో తాము మాటలాడుకుంటూ, ప్రశ్నలు వేసుకుంటూ, ఒకరి అనుభవం ఒకరు వింటూ నేర్చుకున్నారు. రెండో గుంపు అదే పదివారాలు ఉపన్యాసాలు విన్నారు. ముందూ వెనుకా ఇద్దరినీ ఒకే ప్రశ్నపత్రంతో కొలిచారు. కలిసి మాటలాడుకున్న తలిదండ్రుల్లో మార్పు స్పష్టంగా కనబడింది: బిడ్డను పెంచే తీరులో, ఆ స్థితిని గురించిన తెలివిలో, బిడ్డతో వ్యవహరించే పద్ధతిలో. ప్రసంగాలు చేయడమే వృత్తిగా గలవారు ఈ ఫలితాన్ని రెండుసార్లు చదువుకోవడం మంచిది.

అయితే ఆ నివేదికలో నన్ను నిలిపివేసినది మరొక వాక్యం. అన్నీ మారినా ఒక్క భాగం మారలేదు. వైకల్యం పట్ల తలిదండ్రుల మనసులో ఉన్న భావం. బిడ్డను ఎట్లా పెంచాలో నేర్చుకున్నారు, బిడ్డ స్థితి ఏమిటో తెలుసుకున్నారు. కాని ‘ఇట్లాంటిది మా ఇంట్లో పుట్టిందే’ అనే లోపలి బరువు పదివారాల్లో కదలలేదు. మారినవాటిని చెప్పి ఊరుకోక మారనిదాన్ని కూడా దాచకుండా వ్రాశారు గనుక ఆ డాక్టర్ల మీద నాకు గౌరవం పెరిగింది. ఎందుకు కదలలేదో నా మట్టుకు నాకు తోచినది చెబుతాను. ఆ భావాన్ని తలిదండ్రులు ఒంటరిగా తయారుచేసుకోలేదు. ఊరు చేసి ఇచ్చింది. పుట్టుగుడ్డివాణ్ణి చూచి ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగిన ప్రశ్న యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఉన్నది. మన గుడి వరండాలో కూడా ఉన్నది. ఆసుపత్రి తల్లికి పాఠం చెప్పగలదు, ఊరికి చెప్పలేదు. బస్సు దిగి ఇంటికి వచ్చిన తల్లిని మొదట పలకరించేవారు ఆ భావాన్ని మరల చేతిలో పెడతారు.

ఈ రకంగా ఇంటిని అడిగే పని మన తెలుగుగడ్డ మీద కూడా జరిగింది. సికిందరాబాదు బోయినపల్లిలో, మనోవికాస్ నగర్ అనే చోట, 1984లో కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్యం గలవారి కోసం ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. 2016 నుండి దాని పేరు మారింది. ఇప్పుడు పొడి అక్షరాలలో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటారు. 1990ల్లో అక్కడ రీతా పెషావరియా, ఆమెతో పనిచేసినవారు మన దేశపు కుటుంబాలను విచారించి, వారి అవసరాలు ఏమిటో తెలుసుకునే ప్రశ్నల పట్టిక ఒకటి సిద్ధం చేశారు. అందులో బిడ్డకు నేర్పే సంగతులే కాదు, ప్రభుత్వ సహాయాలు, హాస్టలు, పెద్దయ్యాక పెళ్ళి మాట, తమ తరువాత బిడ్డ గతి ఏమిటన్న చింత కూడా ఉన్నాయి. పెళ్ళిమాట లేకుండా మన ఇళ్ళల్లో ఏ చింతా పూర్తికాదని వారికి తెలుసు.

అమెరికాలో ఇది చట్టంలోకే ఎక్కింది. 1986లో చేసిన చట్టం ప్రకారం మూడేళ్ళ లోపు బిడ్డకు శిక్షణ మొదలుపెట్టేటప్పుడు బిడ్డ పేరనే కాక కుటుంబం పేర కూడా ఒక పథకం వ్రాయాలి. తరువాతి కాలంలో అక్కడి రాష్ట్రాలు ఏటేటా మూడు లెక్కలు పంపవలసి వచ్చింది. ఈ సేవల వలన మా హక్కులు మాకు తెలిశాయని ఎందరు తలిదండ్రులు చెప్పారు? మా బిడ్డకు ఏమి కావాలో ఎదుటివారికి చెప్పగలుగుతున్నామని ఎందరు చెప్పారు? బిడ్డ ఎదగడానికి మేమే సాయపడగలుగుతున్నామని ఎందరు చెప్పారు? ఆ దేశపు పద్ధతులన్నీ మనకు పనికిరావు గాని ఈ మూడు ప్రశ్నలు మా మండలానికి కూడా సరిపోతాయి.

కొలవడంలో చిక్కులు లేకపోలేదు. మన ఆడవాళ్ళను ఆసుపత్రివారు ‘ఎట్లా ఉన్నదమ్మా’ అంటే ‘బాగుంది సార్’ అంటారు. అది మర్యాద, జవాబు కాదు. వైద్యం నచ్చిందా అని అడగడం ఒకటి, నీ ఇంట్లో ఏమి మారిందని అడగడం మరొకటి. మొదటిదానికి అందరూ మంచి మార్కులే వేస్తారు. చదువురాని తల్లికి కాగితం చేతికిస్తే పక్కన ఉన్న భర్త చెప్పినట్టు గీత పడుతుంది. భర్త ‘నేను సాయం చేస్తాను’ అంటాడు, భార్యను విడిగా అడిగితే వేరే లెక్క వస్తుంది. అందుచేత చదివి వినిపించాలి, విడిగా అడగాలి.

ఇంకొక వింత ఉన్నది. మా అమ్మాయినే చూడండి. వచ్చిన మొదటి రోజు నీకేమి కావాలంటే ‘ఏమీ వద్దు, బిడ్డ నడిస్తే చాలు’ అన్నదట. కొన్ని వారాలయ్యాక అదే ప్రశ్నకు ఎనిమిది సంగతులు చెప్పింది: సదరం పత్రం కావాలి, కూర్చోబెట్టే కుర్చీ కావాలి, అంగన్‌వాడీలో చేర్చుకోవాలి, వారానికి ఒకరోజు తనకు విరామం కావాలి, ఇట్లా. అంకెలు మాత్రమే చూచేవాడు ఈమె అవసరాలు ఒకటి నుండి ఎనిమిదికి పెరిగాయి గనుక శిక్షణ చెడిపోయిందంటాడు. కాని అడగడం తెలిసిన తల్లి అడగడం తెలియని తల్లికంటె చాలా దూరం వచ్చినట్టు. అంకె వెనుక ఉన్న మనిషిని ఎరిగినవారే ఆ అంకెను చదవాలి.

సదరం మాట వచ్చింది గనుక ఒక సంగతి. ఆ శిబిరంలో డాక్టర్లు బిడ్డను చూచి వైకల్యం ఎంత శాతమో వ్రాసి ఇస్తారు. 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతమో అంతకంటె ఎక్కువో ఉంటేనే చాలా సహాయాలకు అర్హత. ఆ అంకె కోసం మన జనం తెల్లవారుజామున పోయి వరుసలో నిలబడతారు, నిలబడవలసిందే. అయితే ఆ పత్రం మీద బిడ్డ శాతం ఉంటుంది గాని తల్లి నిద్ర ఎంత శాతం పోయిందో ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి బిడ్డలను పరీక్షిస్తాయి. అవసరమైనవారిని జిల్లాలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రానికి పంపుతాయి. బడి ఈడు బిడ్డలకు భవిత కేంద్రాలు ఉన్నాయి. మీ ఊరిలో తొమ్మిది నెలలు దాటినా కూర్చోని బిడ్డ, ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డ ఉంటే ఆశా కార్యకర్తకు ఈ వారమే చెప్పండి. మూడేళ్ళు నిండనీయండని చెప్పేవారి మాట వినవద్దు.

ఆ కుటుంబం వర్షాలకు ముందు ఇల్లు చేరింది. బిడ్డ నడవలేదు. ఆనుకొని కూర్చునే వ్యవధి పెరిగింది, ‘మ్మ’ అని ఒక శబ్దం వచ్చింది. బిడ్డ లెక్క ఇంతే. ఇంటి లెక్క నేను చూచినంతలో ఇది: భర్త గానుగనుండి వచ్చాక బిడ్డకు స్నానం చేయించడం తన పనిగా పెట్టుకున్నాడు. కోడలు చెల్లెలి పెళ్ళికి బిడ్డను చంకనేసుకొని పోయి రెండు రాత్రులు ఉండి వచ్చింది. నాయనమ్మ సంగతి తూకం వేయడం కష్టం. వంశం మాట ఇంకా మానలేదు. కోపం వస్తే కోడలి పుట్టింటిమీదే పడుతుంది. అదే మనిషి పొరుగావిడ బిడ్డను చూచి ‘అయ్యో పాపం’ అన్నప్పుడు, ‘పాపమేముందమ్మా, దీనికి అన్నం చెంచాతో కాదు, ఇట్లా దవడ పట్టుకొని పెట్టాల, నేర్చుకో’ అని పాఠం చెప్పింది. ఏ ప్రశ్నపత్రంలో ఏ గడిలో వ్రాయాలో నాకు తెలియదు గాని నా నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను.

మూల కుర్చీ ఒకటి కావాలన్నారు గదా. గోడ మూలలాగా వెనుక రెండు పలకలు కలిసి, ముందు చిన్న బల్ల ఉండే కుర్చీ. బిడ్డ పక్కకు ఒరిగిపోకుండా పట్టుకుంటుంది. మా ఊరి వడ్రంగి వేపచెక్కతో చేసి ఇచ్చాడు, కూలి సగమే తీసుకున్నాడు. ఆదివారాల్లో తండ్రి దానిని భుజాన వేసుకొని గుడికి తెస్తాడు. మొదటి వారం అలవాటు ప్రకారం వాకిలి పక్కనే వేశాడు. స్త్రీల మైత్రి పెద్దమ్మ ఒకావిడ లేచి వచ్చి, అక్కడ ఎండ కొడుతుందని చెప్పి, కుర్చీని తన పక్కకు, రెండో వరుసలోకి లాగించింది. చిన్నపిల్లలు ఆ బల్లమీద తాళం వేస్తుంటే బిడ్డ కూడా చేయి ఎత్తి కొట్టసాగింది. ప్రసంగం మధ్యలో కూడా కొడుతుంది. ఇద్దరు పెద్దలు నా దగ్గరకు వచ్చి ధ్యానం చెదురుతున్నదని చెప్పారు. కుర్చీ కదపవద్దని చెప్పాను. వారి ముఖాలు ఇంకా తేటపడలేదు.

కిందటి నెల పక్క ఊరినుండి మరొక తల్లి కబురు పంపింది, తన కొడుక్కి అటువంటి కుర్చీ కావాలని. వడ్రంగి వేపపలక తీసిపెట్టి, కొలతలు లేనిదే రంపం పెట్టనన్నాడు. నాయనమ్మ టేపు తీసుకొని నాతో బయలుదేరింది. ఆ బిడ్డ వీపు, తొడ, మోకాలి నుండి పాదం వరకు కొలిచి నాచేత వ్రాయించింది. తరువాత టేపు చుట్టి కొంగున ముడేసుకొని, ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని, ‘రాత్రి ఎన్నిసార్లు లేస్తావు?’ అని అడిగింది.